వరస మధ్యలో పిలవకూడదు

మా మేడమీది వాటాలో మా తోటికోడలు ఉంటుంది. మా ఆయన అన్నగారి భార్య. నేను అక్కా అంటాను, వీధి అంతా ఊలక్క అంటుంది. చలికాలంలో ఈ వీధిలో ఎవరి మెడలో మఫ్లరు కనబడినా, ఏ పసిపాప నెత్తిన టోపీ కనబడినా అది ఆవిడ చేతిదే అనుకోవచ్చు. అందరూ ఆవిడ ఓపికని మెచ్చుకుంటారు. నేనొప్పుకోను. ఆవిడ అల్లింది ఓపికతో కాదు, ఒళ్ళు మండి. కింద వాటాలో ఉండి, పైకప్పులోంచి వచ్చే పిలుపులు ఇన్నేళ్ళుగా వింటున్నదాన్ని, ఆ మాత్రం నాకు తెలుసు.

ఆ పిలుపులు మా బావగారివి. ఏమోయ్, కళ్ళజోడు. ఏమోయ్, ఫాను ఎక్కువైంది. ఏమోయ్, ఫోను మోగుతోంది. ఏమోయ్, ఏం లేదులే, ఎక్కడున్నావోనని. మా బావగారు చెడ్డవారు కాదు. వచ్చిన చిక్కంతా అదే. చెయ్యెత్తరు, నోరు జారరు, తాగరు. పిలుస్తారంతే. నీళ్ళ సరఫరా ఆఫీసులో పనిచేసినన్నాళ్ళూ అక్కడ బంట్రోతుని పిలిచేవారు, ఇంటికొచ్చాక పెళ్ళాన్ని పిలిచేవారు. రిటైరయ్యాక ఆ బంట్రోతు వాటా కూడా అక్క నెత్తినే పడింది.

ఆయనకంటే ముందు మా అత్తగారు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, మంచం దిగేవారు కాదు. గొంతుకి మాత్రం ఏ నొప్పీ ఉండేది కాదు. నేను కాపరానికి వచ్చినప్పటి నుంచి అక్క కూర్చోవడం అంటూ పూర్తిగా కూర్చోవడం నేను చూడలేదు. కూర్చోబోతూ సగంలో లేచేది. అన్నం ముందు పిలుపు, స్నానాల గది తలుపు మీద పిలుపు. కొత్తలో నన్నూ పిలిచి చూశారు గానీ, నేను పొద్దున్నే బడికి పోయి పాఠాలు చెప్పుకునేదాన్ని, పైగా నోరున్నదాన్ని. అక్కకి ఉద్యోగమూ లేదు, నోరూ లేదు.

అల్లిక ఆవిడకి పుట్టింట్లోనే వచ్చు. అది తనని కాపాడగలదని మాత్రం మా అత్తగారి శాలువా వల్లే తెలిసింది. అత్తగారు తనకి ఆకుల డిజైను శాలువా కావాలని పట్టుబట్టారు. ఆకుల డిజైనంటే మామూలు అల్లిక కాదు. సూది మీదికి దారం ఊరికే ఒక చుట్టు వేసి చిల్లి పెట్టాలి. అలా ఒక కుట్టు పెరుగుతుంది కాబట్టి, పక్కన రెండు కుట్లు కలిపి ఒకటి చెయ్యాలి. చిల్లి ఎక్కడ పెట్టాం, ఎక్కడ కలిపాం అన్నదాన్ని బట్టే ఆకు వంపు తిరుగుతుంది, మధ్యలో ఈనె లేస్తుంది. వరస నడుమ ధ్యాస చెదిరితే కుట్టు జారి కింది వరసల దాకా విడిపోతుంది. అప్పుడు మనం పెట్టిన చిల్లి ఏదో, జారి పడిన చిల్లి ఏదో పోల్చుకోవడం బ్రహ్మతరం కాదు. అక్క సగం శాలువా అల్లి ఉంది. అత్తగారు మంచినీళ్ళని కేకేశారు. అక్క ఉలిక్కిపడి లేచింది, సూది ఊడింది, ఆకుల మధ్య పిడికిలి పట్టేంత కంత పడింది.

ఇంకేదైనా పాడైతే అక్కకి మూడినట్టే. కానీ పాడైంది అత్తగారి శాలువా. ఆవిడ మంచం మీంచే ఇంటిల్లిపాదికీ చెప్పారు. "ఒరేయ్, అది వరస మధ్యలో ఉన్నప్పుడు ఎవరూ పిలవకండ్రా. కొంపలంటుకున్నా పిలవకండి. వరస అయ్యాకే."

నేనప్పుడు గుమ్మంలోనే ఉన్నాను. అక్క ఒక్కసారి తలెత్తి అటూ ఇటూ చూసి మళ్ళీ దించేసింది. దారిలో నోటు దొరికినవాళ్ళు ఎవరైనా చూశారేమోనని చూస్తారే, అలా.

అప్పటిదాకా ఆవిడ ఎక్కువగా పట్టీ అల్లిక టోపీలే చేసేది. రెండు కుట్లు సూటిగా, రెండు తిరగేసి అల్లితే నిలువు పట్టీలు లేస్తాయి, రబ్బరులా సాగుతాయి. టోపీ అంచుకీ, స్వెటరు చేతుల చివరికీ దాన్ని మించింది లేదు. కానీ పసిపాప టోపీకి వరస ఎంతుంటుంది? ఇలా మొదలై అలా అయిపోతుంది. అందుకని అక్క టోపీలు మానేసి మఫ్లర్లకి వచ్చింది, మఫ్లర్లు మానేసి శాలువాలకి. సాదా అల్లిక అంచులు చుట్టుకుపోతాయి కాబట్టి చుట్టూ బియ్యపు గింజ అల్లిక వెయ్యాలంది. ఒక సూటి, ఒక తిరగ, పై వరసలో దానికి ఎదురు. చెయ్యి ఒక్క కుట్టు కూడా మరిచిపోవడానికి వీల్లేదు, కాబట్టి మాట్లాడించడానికీ వీల్లేదు. తరవాత మా ఆయనకి జడ డిజైను స్వెటరు పెట్టింది. కొన్ని కుట్లు మూడో సూది మీదికి తీసి, ముందుకో వెనక్కో దాటించి అల్లితే బట్ట మీద జడ పడుతుంది. ఆ జడలు ఊలుని తినేస్తాయి, వెడల్పుని లోపలికి లాగేస్తాయి. అందుకని ముందే ఎక్కువ కుట్లు ఎక్కించుకోవాలి. ఎక్కువ కుట్లంటే పొడుగు వరస.

మనం ఏ డిజైను దేనికి నప్పుతుందని చూస్తాం. ఆవిడ ఏ డిజైను ఎంతసేపు నిలుస్తుందని చూసేది. ఈ సంగతి మా ఇంట్లో నాకొక్కదానికే అర్థమైంది. నేను పైకి వెళ్ళి కూర్చుని, "అక్కా, ఈ వరస ఎందాకా?" అంటే, "పప్పు కుక్కరు మూడు కూతలు కూసేదాకా ఉంటుందిలేవే," అని సూదుల మధ్యనుంచే నవ్వేది.

అత్తగారు పోయారు. బావగారు రిటైరై ఇంట్లో స్థిరపడ్డారు. అప్పుడు అక్క గుండ్రటి దుప్పటి మొదలుపెట్టింది. రెండు సూదుల్నీ కలుపుతూ మధ్యలో తీగ ఉంటుంది, దాని మీద నడిమి నుంచి అల్లుకుంటూ బయటికి పోవాలి. గుండ్రంగా తిరిగేదానికి వరస చివర ఎక్కడుంటుంది? "అయిందా?" అని బావగారు అడిగేవారు. "తిరుగుతోందండీ," అనేది అక్క. ఆయన పాపం హాల్లో అటూ ఇటూ పచార్లు చేసేవారు. నాకు పైకప్పు మీద ఆ చెప్పుల చప్పుడు వింటుంటే ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను.

ఆ హాయి ఎన్నాళ్ళో సాగలేదు. చుట్టు ఎక్కడ మొదలైందో తెలియడానికి అల్లేవాళ్ళు సూదికి చిన్న రింగు తగిలించుకుంటారు. అక్కది ఎర్ర రింగు. బావగారు నీళ్ళ మీటర్లు చూసి చూసి ఆరితేరిన మనిషి. కుర్చీ ఎదురుగా వేసుకుని, ఆ రింగు తిరిగి రావడం కనిపెట్టేశారు. "ఏమోయ్, ఎర్రది దాటింది! లే, కాస్త టీ పెట్టు." ఎంత సంతోషమో ఆయనకి, ఏదో మరమ్మతు చేసి పెట్టినట్టు. మర్నాడు అక్క ఆ రింగు తీసి పారేసి, కుట్ల వాలు చూసి మొదలు పోల్చుకుంటూ అల్లడం మొదలుపెట్టింది. "రింగేదోయ్?" అంటే "ఎక్కడో పడిపోయిందండీ," అంది. ఆయన మంచం కింద టార్చిలైటు వేసి వెతికారు.

అలాంటి రోజుల్లో ఊలు కొట్టావిడ అక్కకి కబురు పెట్టింది. కొట్టు వెనక గదిలో మధ్యాహ్నాలు అల్లిక నేర్పమని. ఊలు కొనడానికి వచ్చేవాళ్ళు డిజైన్ల బొమ్మలు చూసి మోజుపడి కొంటున్నారట, ఆకుల డిజైను మందపాటి ఊలుతో మొదలుపెట్టి, అది అట్టలా తయారైందని మళ్ళీ కొట్టు మీదికే వస్తున్నారట. ఏ డిజైను దేనికి, ఏ ఊలుకి, ఎలా అల్లాలో చెప్పేవాళ్ళు కావాలి. అక్క ఆ కబురు నాకు చెప్పడానికి మెట్లు దిగి వచ్చింది. చేతిలో అల్లిక లేదు. అదే నాకు పెద్ద వింత.

"నాకు డబ్బు సంగతి కాదే," అంది. "ఒక్క పూట. ఎవరూ పిలవకుండా ఒక ఆకు మొదటి కుట్టు నుంచి చివరి కుట్టు దాకా నెమ్మదిగా చెప్పాలి. వాళ్ళు వినాలి. అంతే నాక్కావలసింది."

"మరి బావగారు?"

"అడిగాను. వెళ్ళమన్నారు. వెంటనే వెళ్ళమన్నారే!"

నేను ఆయన్ని అన్నేళ్ళుగా తిట్టుకున్నందుకు కాస్త నొచ్చుకున్నాను కూడా. ఆ నొచ్చుకోవడం మొదటి రోజు మధ్యాహ్నంతో వదిలింది. అక్క సంచీ తగిలించుకుని మెట్లు దిగుతుంటే వెనకాల బావగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని దిగుతున్నారు.

"మీరెక్కడికి బావగారూ?" అన్నాను.

"మీ అక్కతోనేనమ్మా. ఇంట్లో ఒక్కణ్ణే కూర్చుని ఎవర్ని పిలవను?"

ఒక్క ముక్క అబద్ధం ఆడలేదు మహానుభావుడు.

కొట్టావిడ ఆయనకి ఫాను కింద కుర్చీ వేసింది. నేర్చుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళకి ఆయన తెగ నచ్చేశారు. అక్క చుట్టు వెయ్యడం చూపించి, ఇప్పుడు రెండు కలపాలి అని నోరు తెరిచేసరికి, "ఏమోయ్, నా రుమాలు నీ సంచీలో ఉందా?" వాళ్ళందరూ ఫక్కున నవ్వడం. "ఎంత అదృష్టవంతులండీ మేడమ్, సార్ మిమ్మల్ని ఒక్క క్షణం వదలరు!" ఒకసారి నేను చూడ్డానికి వెళితే ఈ మాట నా చెవినా పడింది. అక్క కూడా నవ్వింది. నవ్వుతూ, ఆకు ఎక్కడ ఆగిందో వెతుక్కుంటూ, ఆ వరస మొత్తం విప్పి మళ్ళీ మొదలుపెట్టింది. నాకు ఆ కుర్చీని ఎత్తి వీధిలో పడేయాలనిపించింది. అందులో ఆయన ఉన్నా సరే.

ఆ రోజు ఇంటికొచ్చి మా ఆయనతో గట్టిగా చెప్పాను. "రేపొక్క పూట మీ అన్నయ్యని మీరు పట్టుకోండి. ఏం చేస్తారో నాకు తెలీదు."

మా ఆయనకి అన్నగారి బలహీనత తెలుసు. మర్నాడు మా వంటింటి సింకు కింద పైపు చేత్తోనే వదులు చేసి, "అన్నయ్యా, ప్లంబరు చూసి పైపు మొత్తం మార్చాలన్నాడు," అన్నారు. బావగారు ఉగ్రులైపోయారు. "ప్లంబరా? వాడి మొహం! నేను చూస్తాను పద," అని చొక్కా విప్పి, బనీనుతో వచ్చి మా సింకు కింద దూరారు. అక్కకి నేను సైగ చేశాను. ఆవిడ సంచీ తీసుకుని ఒక్కతే వీధి మలుపు తిరిగింది. కిటికీలోంచి చూస్తూ నేను చప్పట్లు కొట్టినంత పని చేశాను.

సింకు కిందినుంచి అలవాటు చొప్పున "ఏమోయ్, స్పానరు" అని వినబడింది. మా ఆయన అందించారు. బావగారు ఆ చెయ్యి ఎవరిదో కూడా చూసుకోలేదు. నేను టీ పెట్టాను. ఈపాటికి చుట్టు వేసి ఉంటుంది, ఈపాటికి కలిపి ఉంటుంది, ఆకు సగానికి వచ్చి ఉంటుంది అని లోపల్లోపల లెక్కలు కట్టుకుంటున్నాను. టీ కప్పుల్లో పోస్తుండగా గేటు చప్పుడైంది.

అక్క. రొప్పుతోంది. భుజాన సంచీ లేదు. చేతిలో ఒంటి సూది.

"ఆయనకేమైంది?" అంది గుమ్మంలోంచే.

"ఏమీ కాలేదక్కా. పైపు బాగుచేస్తున్నారు. నువ్వేంటి ఇలా వచ్చేశావు?"

అక్క గోడకి చెయ్యి ఆనించుకుని నిలబడింది. "అందరూ బుద్ధిగా వింటున్నారే. ఎవరూ నవ్వలేదు. ఆకు కూడా బాగానే లేచింది. కానీ ఎంతసేపటికీ పిలుపు రాలేదు. ఎటు తిరిగినా ఆ ఖాళీ కుర్చీయే కనబడింది. చెప్పేది నా నోరే, చెవి మాత్రం ఆ కుర్చీ దగ్గరే ఉంది. ఏదో అయిందనుకున్నాను. లేచేశాను."

"అల్లిక?"

"బల్ల మీద వదిలేశాను." చేతిలో సూది వంక అప్పుడే చూసుకుంది. "వరస సగంలో ఉందే. కుట్లన్నీ జారిపోయుంటాయి."

ఇన్నేళ్ళలో అక్క వరస మధ్యలో తనంతట తాను లేవడం అదే మొదటిసారి. ఎవరూ పిలవలేదు. నాకు బావగారి మీద కోపం రాలేదు. అక్క మీదా రాలేదు. భయం వేసింది, ఏడుపొచ్చింది. ఏదో ఒకటి అనాలి. పద, ఇద్దరం వెనక్కి వెళదాం, కుట్లు ఎక్కించుకుందాం, ఇంకా పొద్దుంది అనాలి. మాటలు నోటి చివరి దాకా వచ్చాయి కూడా.

ఇంతలో సింకు కిందినుంచి, "ఏమోయ్, నువ్వేనా వచ్చింది? కాస్త ఆ గుడ్డ ఇటు ఇయ్యి."

గుడ్డ నా పక్కనే, గట్టు మీద ఉంది. నేను చెయ్యి చాపేలోపే అక్క నన్ను దాటుకుని వెళ్ళి తీసుకుంది. తడి నేల మీద చతికిలబడి, ఆయన చేతికి అందించింది. అప్పటికి గానీ ఆవిడ ఊపిరి సర్దుకోలేదు.