గడ్డి దూడ మిస్

ఆ రోజుల్లో మా కేజీఎఫ్‌లో చదువుకున్నవాళ్లంతా తెల్లవారకముందే బెంగళూరు రైలెక్కేవాళ్లు. బంగారు గని మూతపడ్డాక ఊళ్లో మిగిలిన ఉద్యోగం అదొక్కటే, రైలెక్కడం. డిగ్రీ అయిన ఏడాది నేను మాత్రం దానికి ఎదురు దిక్కున బేతమంగళ బస్సెక్కాను. అక్కడొక చిన్న ఇంగ్లీషు మీడియం బడిలో నాలుగో తరగతి మిస్ పురిటికి పుట్టింటికి వెళితే, ఆవిడ తిరిగొచ్చేదాకా నన్ను పెట్టుకున్నారు. మూణ్ణాళ్ల ముచ్చటే అయినా, గనిలో గుమాస్తాగా చేసి ఇంట్లో కూర్చున్న మా నాన్న "మా పాప టీచరయింది" అని వీధంతా చాటింపు వేశాడు. (పాలవాడికైతే రోజూ చెప్పేవాడు, పాపం అతను రోజూ ఆశ్చర్యపోయేవాడు.) ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, ఆ మాట నిలబెట్టడం నాకప్పుడు ప్రాణం మీదికొచ్చింది.

ఎందుకంటే పిల్లలు నన్ను ఒప్పుకోలేదు. బోర్డు మీద ఈ పక్క తేదీ వేస్తే "మా మిస్ ఆ పక్క ఏస్తాది" అనేవాళ్లు. పాట చెబితే "మా మిస్ ఎగిరెగిరి చెప్తాది" అనేవాళ్లు. హెడ్మిస్ట్రెస్‌ను అందరూ పెద్ద మిస్ అనేవాళ్లు. ఆవిడ నన్ను పిలిచి, "చూడమ్మా, ఆయమ్మ ఎట్ల చేస్తా ఉండిందో నువ్వూ అట్లే చెయ్యి. ఈ వారంలో పిల్లోల్లు దారికి రాకుంటే సోమవారానికి ఇంగొకర్ని చూసుకుంటాను. ఏమనుకోవద్దు" అంది. అనుకోకుండా ఎలా ఉంటాను? నాన్న మొహం కళ్లముందు ఆడింది. మర్నాటినుంచి ఆ మిస్‌లాగే కనకాంబరాలు పెట్టాను. ఎగిరెగిరి పాటలు చెప్పాను. ఆవిడ చాక్‌పీసు కొప్పులో దోపుకునేదట, నేనూ దోపాను. ఆవిడది కొప్పు. నాది ఎలకతోక జడను పిన్నులతో బలవంతంగా చుట్టిన ఉండ. బోర్డువైపు తిరిగినప్పుడల్లా చాక్‌పీసు జారి రవికలో పడేది, నేను మెలికలు తిరుగుతూ పాఠం చెప్పేదాన్ని. "మిస్, చీమ కుట్టిందా?" అని ముందు బెంచీలో ఒకడు జాలిగా అడిగాడు కూడా.

అలా శుక్రవారం వచ్చింది. పెద్ద మిస్ చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆ రోజు పాఠంలో 'రీప్లేస్' అనే క్రియ. ఒకటి పోతే దాని చోట ఇంకొకటి పెట్టడం, బల్బు మాడిపోతే కొత్త బల్బు పెడతాం కదా, అదీ రీప్లేస్ అని చెప్పాను. పోయినదాన్ని ముందు చెప్పి, 'విత్' అని, కొత్తదాన్ని తర్వాత చెప్పాలన్నాను. ఇక వాక్యాలు చెప్పండన్నాను. "మై ఫాదర్ రీప్లేస్డ్ ఎద్దులు విత్ ట్రాక్టర్" అన్నాడొకడు. "మై అవ్వ రీప్లేస్డ్ పండ్లు విత్ కట్టుడు పండ్లు" అంది ఇంకొక పిల్ల. నా ధైర్యం కాస్త పుంజుకుంటుండగా క్లాసు లీడరు లేచి, "దే రీప్లేస్డ్ అవర్ మిస్ విత్ యూ" అంది. ఆ వారమంతటికీ తప్పులేని ఇంగ్లీషు వాక్యం అదొక్కటే. "వెరీ గుడ్" అన్నాను.

అప్పుడు చివరి బెంచీనుంచి ఒక పాప చెయ్యెత్తింది. వాళ్లింట్లో పాడి ఉంది. దాని యూనిఫాం కూడా పాలవాసన వేసేది. ఇంగ్లీషు జోలికి పోకుండా మొదలుపెట్టింది. "మిస్, మా యావుకు రీప్లేస్ చేసినారు మిస్. దాని దూడ సచ్చిపోయింది. దూడ ముందర లేకుంటే ఆవు చేపదు, పాలు ఇడవదు కదా మిస్? మా నాయన ఆ దూడ తోల్లోనే గడ్డి కూరి, కాళ్లకు కట్టెలు కట్టి, ఆవు ముందర నిలబెట్టినాడు." కాసేపు నా కనకాంబరాలవంకా చాక్‌పీసువంకా చూసి, మెల్లగా అంది: "మీ మాదిరి మిస్."

క్లాసు పగిలిపోయేలా నవ్వింది. నాకు ఏడుపూ నవ్వూ రెండూ పోటీపడి వచ్చాయి, ఎలాగో నవ్వే గెలిచింది. నిజంగానే తెలుసుకోవాలనిపించి అడిగాను.

"అది గడ్డి దూడని ఆవుకు తెలీదా?"

"తెల్లకేం మిస్! దానికేమన్నా బుద్ధి లేదా? ఒకటి రెండు దినాలు తన్నుతాది. ఇంగ ఆ తరువాత దాన్నే నాకుతాది. నాకతా నాకతా చేపేస్తాది."

"తెలిసీ ఎందుకు నాకుతుంది?"

"పాపం మిస్, ఏదో ఒకదాన్ని నాకల్ల కదా."

నేను కొప్పులోని చాక్‌పీసు తీసి బల్లమీద పెట్టాను. పూలు కూడా తీసేశాను. "సరే, నేను మీ మిస్‌ని కాను, గడ్డి దూడనే. తన్నేవాళ్లు సోమవారంలోగా తన్నేసుకోండి" అన్నాను. ఆ తర్వాత గడ్డి ఎలా కూరతారు, కళ్ల దగ్గర ఏం పెడతారు అంటూ తరగతి తరగతంతా ఒక్కసారే మాట్లాడింది. గంట కొట్టినా ఎవరూ లేవలేదు. గుమ్మంవైపు చూస్తే పెద్ద మిస్ లేదు. సోమవారం ఇంకెవరూ రాలేదు.

పాత మిస్ బొద్దుపాపను ఎత్తుకుని తిరిగొచ్చిన రోజు పిల్లలంతా ఆవిడ చుట్టూ మూగారు. నాకు బాధేసింది, చాలానే వేసింది. బస్సు కదిలేముందు ఆ చివరి బెంచీ పాప పరుగెత్తుకొచ్చి, కిటికీలోంచి నా చెయ్యి లాక్కుని చెంపకు ఆనించుకుంది. "మల్లా వస్తారా మిస్?" అంది. కేజీఎఫ్ వచ్చేదాకా నేను కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాను. (కండక్టరు మా నాన్నకు తెలిసినవాడే. ఇంటికెళ్లేసరికి కబురు ముందే అందింది.)

ఇప్పుడు నేనూ బెంగళూరు రైలెక్కేదాన్నే, అక్కడొక బడిలో టీచర్ని. పోయిన నెల మోకాళ్ల నొప్పితో సెలవు పెట్టి తిరిగి బడికెళితే, నా తరగతిలో నా బదులు పెట్టిన అమ్మాయి పాఠం చెబుతోంది. కళ్లజోడు నాలాగే ముక్కు చివరికి దించుకుంది. "ఊఁ, చెప్పమ్మా చెప్పు" అని నా మాటే నా రాగంలో అంటోంది. పిల్లలు మొహాలు ముడుచుకుని చూస్తున్నారు. గంటయ్యాక పక్కకు పిలిచి, "కళ్లజోడు పైకి పెట్టుకో తల్లీ. నువ్వు నువ్వులాగే ఉండు. రెండు రోజులు తన్నుతారు, తర్వాత వాళ్లే నాకుతారు" అన్నాను. ఆ అమ్మాయి హడలిపోయి, ఈవిడకు నొప్పి మోకాళ్లలోనేనా అన్నట్టు చూసింది.