డీ డ్రైవులో ఉన్నవాళ్ళు

అనకాపల్లిలో బెన్‌హర్‌ని ఎవరూ ఉట్టి బెన్‌హర్ అనరు, రక్తం బెన్‌హర్ అంటారు. ఆనందకుమార్‌గారి ల్యాబులో సూది గుచ్చి రక్తం తీసి పరీక్ష చెయ్యడం అతని ఉద్యోగం. కానీ ఆ పేరు అందుకు రాలేదు. కాన్పు కష్టమైనా, ఆపరేషను మధ్యలో రక్తం చాలకపోయినా నర్సింగుహోముల వాళ్ళు ముందు ఫోను చేసేది అతనికే. ఎవరిది ఏ గ్రూపో, ఆ మనిషి ఏ ఊళ్ళో దొరుకుతాడో అతని దగ్గర రాసి ఉండేది. ల్యాబుకొచ్చిన ఏ గట్టి మనిషినీ పేరూ నంబరూ రాసుకోకుండా వదిలేవాడు కాడు. పద్దెనిమిదేళ్ళలో రెండు పొడుగాటి నోటుబుక్కులు నిండాయి. "దోమలు కూడా మీ అంత యావగా రక్తం కోసం తిరగవు," అనేది అతని భార్య కృపాజ్యోతి. అతను నవ్వేవాడు. ఆ నోటుబుక్కులంటే అతనికి గర్వం, దాచుకోవడమెందుకు!

రెండువేల అయిదులో ల్యాబుకి కంప్యూటరొచ్చింది. ఇక చూడండి మనవాడి సంబరం! రోజూ మధ్యాహ్నం జనం పలచబడ్డాక కూర్చుని, ఒక్క వేలితో, నోటుబుక్కులు రెండూ అందులోకి ఎక్కించాడు. ఎనిమిది నెలలు పట్టింది. కంప్యూటరు బాగుచేసే బాబ్జి ఒక సలహా చెప్పాడు. "సీ డ్రైవులో ఒకటి, డీ డ్రైవులో ఒకటి పెట్టుకోండి మేస్టారూ. సీ పోయినా డీ ఉంటాది." బెన్‌హర్ అలాగే పెట్టాడు.

రెండేళ్ళ తర్వాత, డిసెంబరులో, చర్చి కుర్రకారు దగ్గర పెన్‌డ్రైవు తెచ్చి క్రిస్మసు పాటలు ఎక్కించుకున్నాడు. పాటలతోపాటు వైరసూ వచ్చింది. కంప్యూటరు దానంతటదే ఆరిపోతుంది, వెలుగుతుంది, మళ్ళీ ఆరిపోతుంది. బాబ్జి వచ్చి సీ డ్రైవంతా తుడిచిపారేశాడు. బెన్‌హర్ డీ డ్రైవు తెరిచి చూశాడు. పన్నెండొందల పేర్లూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఆ రోజు ల్యాబులో అందరికీ జిలేబీ తినిపించాడు.

ఆ వారమే పండక్కి ఇంటికి సున్నం వేయిస్తూ, కృపాజ్యోతి అటక మీంచి నోటుబుక్కులు దించింది. అంచులు చెదలు కొరికేశాయి. "వీటినేటి చెయ్యమంటారు?" అంది.

"పాత పేపర్లవాడికి ఇచ్చేయ్. అన్నీ డీలో ఉన్నాయి."

వాడు తూకమేసి పట్టుకుపోయాడు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

ఎండాకాలమంతా కరెంటు ఇలా వచ్చి అలా పోయేది. కంప్యూటరుకి పెట్టిన యూపీఎస్‌లో బ్యాటరీ ఉబ్బిపోయి ఎన్నాళ్ళయిందో! బెన్‌హర్ నాలుగుసార్లు చెప్పాడు. ఆనందకుమార్‌గారు నాలుగుసార్లూ "చూద్దాంలే" అన్నారు. జూన్‌లో ఒక పొద్దున్న కరెంటు మూడుసార్లు కొట్టుకుని పోయింది. మళ్ళీ వచ్చాక కంప్యూటరులోంచి టిక్కు టిక్కుమని చప్పుడు. అంతే, ఇంకేమీ రాలేదు.

"సీ పోతే పోనీ బాబ్జీ, డీ తీసియ్యి," అన్నాడు బెన్‌హర్ ధీమాగా.

బాబ్జి ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "రెండూ ఒక డిస్కేనండి. ఒకే ఇంట్లో రెండు గదులనుకోండి. వైరసొత్తే ఒక గది కడిగేం. ఇప్పుడు ఇల్లే కూలిపోయింది, ఏ గదిలో దాచుకుంటే ఏటండి?"

"మరి అప్పుడు ఈ ముక్క చెప్పలేదేటి?"

"మీకు తెలుసనుకున్నానండి."

బెన్‌హర్ అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాడు. హైదరాబాదు పంపితే వస్తుందేమో అన్నాడు బాబ్జి. చూద్దాంలే అన్నారు ఆనందకుమార్‌గారు. డిస్కుని పేపర్లో చుట్టి సొరుగులో పెట్టారు. బెన్‌హర్ మర్నాడే కొత్త నోటుబుక్కు కొన్నాడు. మూడు వారాల్లో, కనబడ్డవాళ్ళనల్లా ఆపి అడిగితే, నలభై పేర్లు పోగయ్యాయి.

జులైలో ఒక బుధవారం పొద్దున్న పదింటికి, ఎదురు నర్సింగుహోము నుంచి తాతబ్బాయి అనే మనిషి పరిగెత్తుకొచ్చాడు. రాంబిల్లి దగ్గర సముద్రంలో చేపల వేటకెళ్ళే మనిషి. భార్య మరిడమ్మకి మగపిల్లాడు పుట్టాడు, రక్తం ఆగడం లేదు. ఆమెది ఓ నెగిటివ్. టౌన్లో ఎక్కడా ఆ రక్తం నిల్వ లేదు. "మీ కాడ పేర్లుంటాయని సెప్పేరు బాబూ. సూడండి బాబూ, వొకపాలి సూడండి."

నలభై పేర్లలో ఓ నెగిటివ్ ఒక్కటీ లేదని బెన్‌హర్‌కి తెలుసు. అయినా పేజీలు తిప్పాడు. డీ డ్రైవులో ఓ నెగిటివ్‌వాళ్ళు తొమ్మిదిమంది ఉండేవారు. లెక్క గుర్తుంది, మనుషులు గుర్తుకు రారే! ఎంత నెత్తి కొట్టుకున్నా ఇద్దరే గుర్తొచ్చారు. పాయకరావుపేటలో టైర్ల షాపతను, ఎస్. రాయవరంలో లెక్కల మాస్టారు. ఇద్దరి నంబర్లూ లేవు. ఆనందకుమార్‌గారి స్కూటరు తీసుకుని, రెంటిలో అదే దగ్గర కదా అని ఎస్. రాయవరం బయల్దేరాడు. దారిపొడుగునా ప్రార్థన చేస్తూనే ఉన్నాడు.

మాస్టారికి కిందటేడే బదిలీ అయిపోయిందని బడిలో చెప్పారు. ఆ గేటు దగ్గరుండగానే సెల్లు మోగింది. మరిడమ్మని విశాఖ తీసుకెళ్తుంటే దారిలోనే పోయిందట. బెన్‌హర్ స్కూటరు స్టాండు వేసి, దాని పక్కనే నేల మీద కూర్చుని ఏడ్చాడు. బడిపిల్లలు చుట్టూ మూగారు.

తాతబ్బాయి అతన్ని ఒక్క మాటా అనలేదు. సాయంత్రం పిల్లాణ్ణి తువ్వాలులో చుట్టుకుని ల్యాబు మెట్ల దగ్గర ఆగి, "నా కోసం అంత దూరం వెళ్ళేరంట బాబూ," అని చేతులు జోడించి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

తొమ్మిది రోజుల తర్వాత, వీధి చివర బెల్లం మార్కెట్టులో బస్తాలు మోసే సత్తియ్య సుగరు పరీక్షకొచ్చాడు. కుర్చీలో కూర్చుని చొక్కా చెయ్యి పైకి మడిచాడు.

"మీ సుట్టూ నేనెందుకు తిరగాలి బాబూ, మీరే నన్ను పిలవాలి," అని నవ్వాడు. "నాది ఓ నెగిటివ్, దొరకని రకం అన్నారు కదా అప్పట్లో. రెండేళ్ళయిపోనాది, ఒకపాలైనా కబురెట్టలేదేటి?"

బెన్‌హర్ సూది గుచ్చకుండానే తలెత్తి అడిగాడు.

"మామా, పోయిన బుధవారం కాదు, అంతకు ముందు బుధవారం పొద్దున్న ఎక్కడున్నావు?"

"ఎక్కడుంటాను? మార్కెట్టులోనే. గుమ్మంలోంచి కేకేత్తే వినబడతాది కదండీ. ఏం బాబూ?"

బెన్‌హర్ సూది ట్రేలో పెట్టేశాడు. బల్ల మీది నోటుబుక్కు దగ్గరికి లాక్కుని, కలం మూత తీసి, "నీ పేరు, నంబరు చెప్పు మామా," అన్నాడు.

సత్తియ్య తెల్లబోయి చూశాడు. "అదేటి బాబూ, నా పేరు మీ కాడ రాసుంది కదా?"