ట్రిప్ కాని ఎంసీబీ

మల్కాజ్‌గిరిలో నాకు హార్డ్‌వేర్ షాపు ఉంది. చలికాలం మొదట్లో వెనక వీధిలో ఉండే ఒకాయన వచ్చాడు.

"గీజర్, మోటర్ ఒక్కసారే ఏస్తే ఎంసీబీ ట్రిప్ అయ్యి కరెంటు పోతుంది. పదహారు ఆంప్స్‌ది తీసేసి ముప్పై రెండుది పెడ్తా, ఇయ్యి."

నాకు ఒళ్ళు మండింది. "సార్, గోడల ఉన్నది సన్న వైరు. అది కాలొద్దనే ఎంసీబీ ట్రిప్ అయితుంది. పెద్దది పెడితే ట్రిప్ కాదు, వైరు కాలుతది. ముందు వైరు మార్పియ్యుండ్రి" అన్నాను.

"మొన్ననే ఇల్లంత పెయింట్ ఏయించిన. ఇప్పుడు గోడ పగలగొట్టాల్నా? నువ్వియ్యకుంటే పక్క షాపుల దొరకదా ఏంది?"

ఎలాగూ కొంటాడు కదా అని తీసి ఇచ్చేశాను.

పది రోజులకు బావమరిదిని వెంటబెట్టుకొచ్చాడు. "ఉత్తగనే పరేషాన్ చేసినవ్ అన్నా. ఒక్కసారి సుత ట్రిప్ కాలే. వీళ్ళింట్ల గూడ గదే తక్లీఫ్, అసొంటిదే ఒకటియ్యి."

ట్రిప్ కాకపోవడమే ప్రమాదమని అరిచినంత పని చేశాను. ఈసారి ఇవ్వనన్నాను. ఇద్దరూ నవ్వుకుంటూ పక్క షాపు మెట్లెక్కారు.

ఇప్పుడు రోజూ పొద్దున షాపుకు వెళ్తూ ఆ వీధిలోంచే చుట్టు తిరిగి వెళ్తున్నాను. కొత్త రంగు వేసిన ఆ ఇంటి ముందు బండి ఆపి, ఏమైనా కాలిన వాసన వస్తోందా అని చూస్తాను.

బావమరిది ఇల్లెక్కడో అడగలేదు.