పెళ్లి గుర్రంతో కారంపూడి నుంచి ఈపూరు దాకా

మా ఆవిడ శారద ఫోనుకు ఇప్పటికీ రోజూ చార్జింగ్ పెడతాను. ఆమె పోయాక అది మోగడం తక్కువ. ఈ వారం మోగింది. కారంపూడి నుంచి ఖాసిం, పెళ్లి ఊరేగింపులకు గుర్రం తోలే మనిషి. కిందటేడు ఒక పెళ్లిలో వాళ్ల తెల్ల ఆడగుర్రం చాందినీ కంట్లో పువ్వు చూసి, "దీంతో పని మానిపించే రోజొస్తే అమ్మొద్దు, నాకు చెప్పు" అని శారద నంబరిచ్చిందట. నాకు చెప్పలేదు. ఆ రోజు వచ్చింది. ఒంటికన్ను గుర్రం అరిష్టమని పెళ్లివాళ్లు వద్దంటున్నారు. గురువారం సాయంత్రం బేరగాడు వస్తాడు. అతను కొన్న గుర్రాలు ఏమవుతాయో ఖాసింకు తెలియదు, అడిగే ధైర్యమూ లేదు. ఈపూరు దగ్గర తోటలో ఉండే కోటేశ్వరమ్మ శారదకు చిన్ననాటి స్నేహితురాలు. అడిగాను. "తోలుకురా అన్నయ్యా, గేదెలున్న చోట గుర్రానికి చోటుండదా?" అంది.

గురువారం ఉదయం ఆరున్నరకు నరసరావుపేటలో మినీ లారీ ఎక్కాను. రానూపోనూ కిరాయి నాలుగు వేలు. లారీలో ఇసుక పోయించి, పైన వరిగడ్డి పరిపించాను. ఉత్త రేకు మీద గిట్టలు జారతాయి. నకరికల్లులో ఇడ్లీ తిని, టీ తాగాం. డ్రైవరు శ్రీనుకు దారంతా నవ్వే. "సిమెంటు మోశా, మిర్చి టిక్కీ బస్తాలు మోశా. పెళ్లికొడుకు బండిని మోయటం ఇదే ఫస్టు సార్!"

తొమ్మిది లోపే కారంపూడి చేరాం. చాందినీ రేకుల పాకలో నిలబడి ఉంది. పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు, కానీ జూలు దువ్వి ఉంది. ప్రయాణానికి పనికొస్తుందని పశువుల డాక్టరు ముందురోజే చూసి చెప్పారు. ఖాసిం భార్య మహబూబీ నా వెనక్కి చూసి, "అమ్మగారు రాలేదా?" అంది.

"పోయిందమ్మా. చలికాలంలో."

ఆమె లోపలికి వెళ్లి మజ్జిగ తెచ్చింది.

లారీకి చెక్కలు ఆనించాం. చాందినీ ఒక కాలు పెట్టి ఆగిపోయింది. లాగినా రాలేదు, నెట్టినా కదల్లేదు.

"ఏంది ఖాసిం బాయ్, నీ గుర్రం లంచం అడుగుద్దా?" అన్నాడు శ్రీను.

"బ్యాండు లేందే అడుగేయదు. చిన్నప్పుడే నేర్పిచ్చా. మోగితే నడుస్తది, ఆగితే నిలబడతది."

శ్రీను ఫోనులో పాట పెట్టాడు. గుర్రం చెవి కూడా కదపలేదు. మహబూబీ వంటింట్లోంచి బేసిన్, గరిటె తెచ్చింది. "ఇన్నేళ్ల కాపరంలో ఈ పని ఒక్కటే మిగిలింది నాకు" అంటూ మొగుణ్ణి చూసి మోగించింది. చాందినీ మెడ నిక్కించి, ఊరేగింపులో నడిచినట్టే నడిచి లారీ ఎక్కింది. అందరం నవ్వాం. ఖాసిం నవ్వుతూనే కండువాతో ముఖం తుడుచుకున్నాడు. బేరగాడికి జవాబు చెప్పాలని అతను ఇంటి దగ్గరే ఉండిపోయాడు. దించేటప్పుడు కావాలని మహబూబీ బేసిన్ మాకే ఇచ్చేసింది. గాలి తగలకుండా నేను తెచ్చిన దుప్పటి గుర్రం వీపున కప్పి, పొట్ట కింద ముడి వేశాను. శారదది.

ముప్పై దాటకుండా నడపమన్నాను. మధ్యలో రెండుసార్లు ఆపి నీళ్లు పెట్టాం. తోట చేరేసరికి మధ్యాహ్నం కావచ్చింది. శ్రీను బేసిన్ కొట్టాడు, చాందినీ దిగింది. గేటు దగ్గర కోటేశ్వరమ్మ హారతి పళ్లెంతో ఎదురొచ్చింది. ఆ ఇంట్లో కొత్త గేదె వచ్చినా అంతే. హారతి చూడగానే గుర్రం ఆగింది. మళ్లీ కదల్లేదు. పచ్చగడ్డి చూపించాం, బెల్లం పెట్టాం. శ్రీను బేసిన్ సొట్టపోయేలా కొట్టాడు. ఎండ మండుతోంది. దాని కాళ్లు వణకడం మొదలైంది. పడిపోతుందేమోనని భయం వేసి ఖాసింకు ఫోన్ చేశాను.

"హారతిచ్చారా? అయితే పెళ్లివారిల్లు అనుకుంది సారూ. ఇంక బ్యాండుకు కూడా కదలదు, పెళ్లికొడుకు దిగాల్సిందే. వీపు మీద ఏమన్నా ఉందా?"

"దుప్పటి ఉంది."

"తీసేయండి."

ముడి నేనే గట్టిగా వేశాను. విప్పడానికి కాసేపు పట్టింది. దుప్పటి తీయగానే చాందినీ ఒళ్లంతా ఒక్కసారి దులుపుకుని గేటు దాటింది. మామిడి చెట్ల మధ్య ఎర్రమట్టిలో పడుకుని, నాలుగు కాళ్లూ పైకెత్తి పొర్లింది.

"చూడన్నయ్యా, ఇందాక తెల్ల గుర్రం, ఇప్పుడు ఎర్ర గుర్రం! మా శారద చూస్తే చానా నవ్వేది" అంది కోటేశ్వరమ్మ.

నవ్వేది. నేనూ నవ్వాను.

బేరగాడు ఉత్త చేతులతో వెళ్లాడని సాయంత్రం ఖాసిం చెప్పాడు. శారద ఇచ్చిన మాట ఒకటి నాకు తెలియకుండానే నా దగ్గర ఉండిపోయింది. అది తీరింది. చాలా రోజుల తర్వాత ఆ రాత్రి మాత్ర వేసుకోకుండా నిద్రపోయాను. దుప్పటి నిండా తెల్ల వెంట్రుకలు. దులపలేదు.

పెళ్లి గుర్రాన్ని కొత్త చోటికి తీసుకెళ్లే వాళ్లకు ఒక మాట. గేటు దగ్గరకు రాకముందే దాని వీపు మీద ఉన్నదంతా తీసేయండి, పల్చటి దుప్పటైనా సరే. అది ఉన్నంతసేపు తన పని ఇంకా అయిపోలేదనే అనుకుంటుంది.