పెద్దబాపు చెవి, కొత్త రికార్డ్ ప్లేయర్

మా పెద్దబాపు పోయాడు. పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున పెద్దమ్మ ఫోన్ చేసి, "మీ పెద్దబాపు లేస్తలేడు, జర జల్ది రా బిడ్డా" అంది. గౌలిగూడలోని మా ఇంటి నుంచి నాంపల్లిలోని వాళ్లింటికి ఎంత దూరమని? అయినా నేను వెళ్లేసరికే అంతా అయిపోయింది. ఆయన మా నాన్నకు అన్న. నాన్న పోయాక నాకు ఆ లోటు తెలియనివ్వని మనిషి.

నాంపల్లి కోర్టులో స్టెనోగా పనిచేసి రిటైరయ్యాడు. జడ్జి నోట్లోంచి మాట రావడమే ఆలస్యం, ఈయన కాగితం మీద ఉండేదట. ఎవరి గురించైనా నేను చాడీలు మొదలుపెడితే, "ఇన్నది చెప్పు, అనుకున్నది చెప్పకు" అనేవాడు. దాంతో నా చాడీలు సగానికి సగం తగ్గిపోయేవి! తన చెవి అంటే ఆయనకు అంత గొప్ప. వంటింట్లో పాలు పొంగబోతున్నాయని ముందు గదిలోంచే కేకేసేవాడు.

రిటైరయ్యాక ఆదివారం వస్తే చాలు, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య కూర్చుని గ్రామఫోన్ రికార్డులు ఏరుకొచ్చేవాడు. ఇంట్లో ప్లేయర్ లేదు. "వాయించే డబ్బనే లేకపాయె, గీ పళ్లాలల్ల అన్నం తింటవా ఏంది?" అని పెద్దమ్మ దెప్పేది. ఆయన నవ్వి, వాటిని మెత్తటి గుడ్డతో తుడిచి బీరువాలో నిలబెట్టేవాడు.

చివరికి నిరుడు ప్లేయరూ, ఆంప్లిఫయరూ, రెండు స్పీకర్లూ ఒక్కొక్కటే తెచ్చి, ఇద్దరం కూర్చుని బిగించాం. ఎంతో ఆశగా మొదటి రికార్డు పెడితే ఏముంది, పాట ముద్దముద్దగా వచ్చింది. 'స' వచ్చిన చోటల్లా గరగర. పెద్దబాపు ముఖం పాలిపోయింది. పెద్దమ్మ లోపలికి వెళ్లాక మెల్లగా అడిగాడు.

"నిజం చెప్పు బిడ్డా. తప్పు డబ్బల ఉన్నదా, నా చెవులల్లనా?"

"నాకు గూడ గట్లనే ఇనబడుతుంది పెద్దబాపు."

"నా మనసు నొస్తదని అంటున్నవ్. తప్పు దొరికినంక నమ్ముత."

ఇక మొదలైంది వెతుకులాట. స్పీకర్లను గోడకు దూరంగా జరిపాం. పాట వేసి విన్నాం. వైర్లు విప్పి మళ్లీ బిగించాం. విన్నాం. వేరే రికార్డు పెట్టాం. నేను తొందరపడి రెండు పనులు ఒకేసారి చేయబోతే చెయ్యి పట్టుకున్నాడు. "ఒకటి మార్చినప్పుడు ఇంకోటి ముట్టకు. దేంతోని బాగయిందో ఎట్ల ఎరుకైతది?" ఆ మాట నాకు ప్లేయర్ దగ్గరే కాదు, ఆఫీసులోనూ ఇంట్లోనూ ఇప్పటికీ పనికొస్తోంది.

ఆఖరికి భూతద్దం పెట్టి, రికార్డు మీద ఆనే ముల్లు చూశాడు. చూసి, నోరు మూసుకుని భుజాలు కదిలేలా నవ్వాడు. నేనూ చూశాను. ముల్లు మొన నిండా ఎర్రగా కుంకుమ!

బిగించగానే, ఇంకా రికార్డు పెట్టకముందే, పెద్దమ్మ కొబ్బరికాయ కొట్టి, కొత్త వస్తువుకు బొట్టు పెట్టింది. పాడేది ఆ ముల్లే కదా అని, ఎక్కడా చోటు లేనట్టు తడి కుంకుమ తీసుకెళ్లి సరిగ్గా దానికే పెట్టింది మహాతల్లి. పెద్దబాపు ఆమెకు చెప్పొద్దని నాకు సైగ చేసి, చిన్న కుంచెతో అంతా దులిపేశాడు. "ఏమైందయ్యా?" అని వంటింట్లోంచి ఆమె అడిగితే, "ఏం లేదు, వైరు లూజుండె" అన్నాడు. బొట్టు పోయిందని ఆమె చిన్నబుచ్చుకోకుండా ప్లేయర్ చెక్క పెట్టె మూలన తన వేలితోనే ఇంకోటి పెట్టాడు. విన్నది విన్నట్టు రాయడమే జీవితమైన మనిషి నా ముందు ఆడిన మొదటి అబద్ధం అది.

ఈసారి పాట తేటగా వచ్చింది.

"నీకెట్లున్నది?" అన్నాడు.

"మస్తుంది పెద్దబాపు!"

"ఔ, నాక్గూడ" అన్నాడు. ఆయన చెవికేం కాలేదని నా గుండె కుదుటపడింది.

దినాలయ్యాక పోయిన ఆదివారం వెళ్లాను. చుట్టాలంతా వెళ్లిపోయి ఇల్లు బోసిగా ఉంది. "జర పాట పెట్టు బిడ్డా" అంది పెద్దమ్మ. పెట్టాను. కుడి పక్క స్పీకరే మోగింది, ఎడమది మూగగా ఉండిపోయింది. ఆయన చెప్పినట్టే ఒక్కొక్కటే చూశాను. వైర్లు బాగానే ఉన్నాయి. ముల్లు శుభ్రంగా ఉంది. చివరికి ఆంప్లిఫయర్ మీద, రెండు స్పీకర్లకూ శబ్దాన్ని పంచే నాబ్ కనిపించింది. దాన్ని పూర్తిగా కుడికి తిప్పి పెట్టి ఉంది. ఆయన కుర్చీ కూడా కుడి స్పీకర్‌కు చేరువలోనే ఉంది.

నాకు ఏడుపు ఆగలేదు. పెద్దమ్మ కంగారుపడి నా దగ్గరికొచ్చింది. దాచడానికి మనసొప్పక చెప్పేశాను, పెద్దబాపుకు ఎడమ చెవి వినబడేది కాదని.

ఆమె ఆయన కుర్చీ వైపు చూసింది. కుర్చీకి ఎడమ పక్కన, వంటింటి వైపు, ఆమె రోజూ కూర్చునే స్టూలు ఉంది.

"నేనెప్పుడు గీ పక్కనే కూసుంటుంటి గద బిడ్డా. ఏం చెప్పినా ఔ, ఔ అనెటోడు" అంది.

కళ్లు తుడుచుకుని లేచింది. స్టూలు తీసి, ఖాళీ కుర్చీకి కుడి పక్కన వేసుకుంది. కూర్చుని, కుర్చీ వైపు కొంచెం వంగింది.