టిక్కు తీసేస్తే కుదిరిన సంబంధం

ఆ రోజుల్లో ఫొటోలకు బరువుండేది. ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ, ఒక్క పెళ్లికొడుకు ఫొటో మెయిల్‌లో ఎక్కాలంటే నేను చాయ్ తాగి, గ్లాసు కడుక్కుని, కిటికీ దగ్గర నిలబడి దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తా అంతా చూసి వచ్చినా, అది ఇంకా సగం దగ్గరే ఆగి ఉండేది. తెలంగాణ ఉద్యమం జోరుమీదున్న కాలం. వారంలో సగం రోజులు ఊరు బంద్, మిగతా సగం మా ఆఫీసు నెట్టు బంద్.

నేనప్పుడు ఒక మ్యారేజ్ బ్యూరోలో పనిచేసేదాన్ని. డిగ్రీ అయ్యాక నల్గొండ దగ్గర మా ఊరి నుంచి వచ్చి, ఎల్‌బీనగర్‌లో చిన్నమ్మ ఇంట్లో ఉంటూ సంపాదించుకున్న మొదటి ఉద్యోగం. బ్యూరో నడిపే మేడమ్‌ది గుంటూరు వైపు. మంచి మనిషే, కాకపోతే చెయ్యి కాస్త గట్టిది. "డబ్బులు పెట్టి కొనేదయితే నేనే కొనుక్కుంటా కదమ్మా. ఫొటోలు చిన్నవి చేసే సాఫ్ట్‌వేర్లు ఫ్రీగా బోలెడన్ని ఉంటాయంట, ఒకటి చూడు" అంది.

చూశాను. సంబంధాలు చూసే ఆఫీసు కాబట్టి సంబంధం చూసినట్టే చూశాను. మొదటిది రూపం బాగుంది, మాట తీరూ బాగుంది. తీరా ఇంట్లో అడుగుపెట్టాక ప్రతి పెళ్లికూతురి ముఖం మీదా అడ్డంగా తన పేరు రాసుకుంది. అది చెరిపేయాలంటే డబ్బు కట్టాలట (ఫ్రీ అన్న మాట ఎంగేజ్‌మెంట్ దాకానే అన్నమాట). రెండోది ఒంటరిగా వస్తానని చెప్పి చుట్టాలందర్నీ వెంటేసుకొచ్చింది. కంప్యూటర్ తెరిస్తే ఏవో ఆటలు, ఏదో వాతావరణం, ఎవరివో ప్రకటనలు. పొమ్మంటే ఒక్కటీ కదల్లేదు. మూడోది మాత్రం బంగారం. బుద్ధిగా ఒక మూల కూర్చుని వెడల్పెంత, ఎత్తెంత అని రెండే అడిగేది. ఒక్కటే పొగరు: నేను వెడల్పు కొట్టగానే ఎత్తు అంకెను తనంతట తనే మార్చేసేది. మేడమ్ ఏమో ఫొటోలన్నీ ఒకే కొలతలో ఉండాలంటుంది, ఆల్బమ్‌లో ప్రింట్లు వరసగా కూర్చోవాలని. వెతగ్గా వెతగ్గా కింద చిన్న గడిలో ఒక టిక్కు కనబడింది. తీసేశాను. ఆ తర్వాత అది నా మాట జవదాటలేదు.

మనిషి ఎత్తుకూ వెడల్పుకూ ఉన్న పొత్తు చెడకుండా చూడ్డమే ఆ టిక్కు పని అని నాకేం తెలుసు? అడ్డం ఫొటోల్లోని వాళ్లంతా సన్నబడుతున్నారని, నిలువు ఫొటోల్లోని వాళ్లంతా ఒళ్లు చేస్తున్నారని గమనించనే లేదు. కొత్త కెమెరాలు అలాగే తీస్తాయి కాబోలు అనుకున్నాను.

బంద్‌లతో సంబంధాలు కదలక, "ఈ నెల ఒక్కటైనా కుదరకపోతే నిన్ను ఉంచుకోలేనమ్మా" అని మేడమ్ చెప్పేసింది. ఉద్యోగం పోతే ఊరికి పోవాలి. ఊరికి పోతే నా ఫొటోనే ఇంకో బ్యూరో ఆల్బమ్‌లోకి ఎక్కుతుంది. అందుకే హయత్‌నగర్ అబ్బాయి, సరూర్‌నగర్ అమ్మాయి ఒకరి ఫొటో ఒకరు చూసి సరేనన్నప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది. తీరా చూపుల రోజు పొద్దున్నే బంద్ అన్నారు. "వాళ్లూ మీ నల్గొండ వాళ్లేగా, నువ్వెళ్లమ్మా" అని మేడమ్ ఫోన్ పెట్టేసింది. నేను ఎల్‌బీనగర్ నుంచి సరూర్‌నగర్‌లో అమ్మాయి వాళ్లింటికి నడిచి వెళ్లాను. అబ్బాయి వాళ్లు బండ్ల మీద గల్లీలు తిరిగి వచ్చారు.

అబ్బాయి కుర్చీ నిండుగా కూర్చున్నాడు. అమ్మాయి తండ్రి ఇంకా గేటు వైపే చూస్తున్నాడు.

"పిల్లగాడు ఎన్కొస్తున్నడా?"

"గీయినే పిల్లగాడు" అంది అబ్బాయి తల్లి.

పెద్దాయన జేబులోంచి ప్రింటు తీశాడు. అందులో సన్నగా, పొడుగ్గా ఒకతను కారు పక్కన నిలబడి ఉన్నాడు. కారు ఆటో అంత ఉంది. ఎవరూ ఏమీ అనకముందే అమ్మాయి చాయ్ తీసుకొచ్చింది. రివటలా ఉంది. అబ్బాయి తల్లి ఆమెను చూసి, "చిన్నబిడ్డెనా వదినా? పెద్దామెను గూడ పిలువుండ్రి" అంది.

"మాకు ఒక్కతే బిడ్డె" అంది అమ్మాయి తల్లి.

అప్పుడు అబ్బాయి తల్లి సంచీలోంచి రెండో ప్రింటు బయటికొచ్చింది. పట్టుచీరలో పొట్టిగా, బొద్దుగా ఒకమ్మాయి. రెండు కాగితాలూ చేతులు మారాయి. ఆ తర్వాత అందరి చూపులూ నా మీద పడ్డాయి.

"ఏంది బిడ్డా ఇది?" అన్నాడు పెద్దాయన.

"కంప్యూటర్ల చిన్నగ చేసిన. జర అటిటు అయినట్టుంది" అన్నాను.

పెద్దాయన లేచి నిలబడ్డాడు. నాకు అప్పుడే మా ఊరి బస్సు కనబడింది. అబ్బాయి కూడా లేచాడు. "మీ తప్పేం లేదు. సన్నగున్నోళ్లు నన్ను ఎట్లాగూ వద్దంటనే ఉన్నరు. ఫొటో జూసి, ఈమె నాకు సరిపోతదని ఒచ్చిన" అన్నాడు పెద్దాయనతో మెల్లగా.

అమ్మాయి నా వైపు తిరిగింది. "అక్కా, నా ఫొటో శానమందికి పంపినవా?"

"నెల సంది అందరికీ పంపుతున్న చెల్లె."

"ఒక్కలన్న ఒచ్చిండ్రా?"

లేదన్నాను. ఆమె చాయ్ ట్రే కింద పెట్టింది. "నాయనా, గా ఫొటో జూసి గూడ మంచిగుందని ఒచ్చింది ఈయనొక్కడే. జర కూసో."

పెద్దాయన కూర్చున్నాడు. అబ్బాయి మాత్రం ఆ ప్రింటు పట్టుకుని నిలబడే, "గీ కారు నాది గాదు, మా దోస్తుది" అన్నాడు. అమ్మాయి పకాలున నవ్వింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది, సంతోషంతోనే.

నా ఉద్యోగం నిలబడింది. మర్నాడే ఆ టిక్కు పెట్టేశాను. అప్పట్నుంచి మా బ్యూరోలో అందరూ ఉన్నదున్నట్టే వెళ్లారు. కొన్ని కుదిరాయి, కొన్ని కుదర్లేదు. కొన్నాళ్లకు నా ఫొటో పంపే రోజూ వచ్చింది. చిన్నది చేసిందీ నేనే. ఆ గడి దగ్గర మౌస్ మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ధైర్యం చాలక టిక్కు ఉంచే పంపాను. వచ్చినాయన మంచివాడే (పక్క గదిలో కళ్లజోడు వెతుక్కుంటున్నాడు, అది దొరికేలోపు నేనిది ముగించాలి). అయినా అప్పుడప్పుడు మౌస్ పట్టుకుని ఎటూ తేల్చుకోలేక కూర్చున్న ఆనాటి నన్ను తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త జాలి కూడా. టిక్కు తీసేసి పంపి ఉంటే, అది చూసి ఎవరొచ్చి ఉండేవాడో.