లాగిన్ అయిందా దీదీ?

కంప్యూటర్లు చూసుకునే భయ్యా కేబుల్ పీకేసి మా ఆసుపత్రిని ఆపేశాడని డాలీగంజ్‌లో ఎవరినడిగినా చెబుతారు. శుద్ధ అబద్ధం. ముందు మా లాగిన్లు ఆగాయి, తర్వాతే అతను కేబుల్ పీకాడు. రికార్డుల గదిలో కూర్చుని నేను కళ్లారా చూశాను.

రోజూ పొద్దున్నే తలుపు దగ్గర నిలబడి, "లాగిన్ అయిందా దీదీ?" అనేవాడు. అయిందంటేగానీ వెళ్లి కూర్చునేవాడు కాదు.

"నీకింత పిరికితనమేంటి భయ్యా?" అని వెక్కిరించేదాన్ని.

"మన పాస్‌వర్డులు సరిచూసే సర్వర్లో లోపముంది దీదీ. బయటోడెవడైనా ఒక్క తప్పుడు మెసేజ్ పంపితే చాలు, బంద్ అయిపోద్ది. అరగంట ఆపి అప్‌డేట్ చేస్తానంటే ఆసుపత్రి పెద్దసారు 'బాద్‌మే దేఖేంగే', తర్వాత చూద్దామంటన్నారు."

చివరికి ఒకరోజు అతను భయపడ్డట్టే లాగిన్లు ఆగిపోయాయి. అప్పుడే బతు బస్తీ నుంచి వచ్చిన బాలింతకు రక్తస్రావం ఆగలేదు. రక్తం ఎక్కించడానికి కావలసిన రిపోర్టు కంప్యూటర్లో ఉంది, అదేమో నన్ను లోపలికి రానివ్వదు. అతను పరుగున వచ్చి, బయటి ఇంటర్నెట్ కేబుల్ పీకి, సర్వర్ మళ్లీ ఆన్ చేసి, అదే గొంతుతో అడిగాడు: "లాగిన్ అయిందా దీదీ?"

అయింది. బాలింత బతికింది, ఆసుపత్రిని ఆపేశాడన్న నిందతో అతని ఉద్యోగం మాత్రం పోయింది.

ఇప్పుడు ఆ మాట అడిగేవాళ్లు లేరు. పాస్‌వర్డ్ కొట్టిన ప్రతిసారీ తలుపు వైపు చూస్తాను. పెద్దసారూ, ఇంతకీ ఆ అప్‌డేట్ చేయించారా, లేదా?